ప్లాస్మా టెలివిజన్: లాభమెంత, నష్టమెంత?

పదార్థం ఎన్ని స్థితుల్లో ఉంటుందని అడిగితే ఘన, ద్రవ, వాయు స్థితులని చిన్న తరగతి పిల్లలు కూడా చెబుతారు. వీటికి తోడు నాలుగో స్థితి ఒకటుంది. దాని పేరు ప్లాస్మా. వాయువుకు తగినంత శక్తి అందితే పరమాణువుల నుంచి కొన్ని ఎలక్ట్రాన్లు విడిపోతాయి. ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న పరమాణువు ధన అయాను అవుతుంది. ఇలా స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు, అయాన్లు, మామూలు పరమాణువులు కలగలిసి ఉన్న వాయువే ప్లాస్మా. సాధారణ వాయువు విద్యుత్తును పోనివ్వదు. ప్లాస్మా పోనిస్తుంది, చాలా సందర్భాల్లో వెలుగును కూడా ఇస్తుంది. సూర్యుడు ప్లాస్మాయే. ఆకాశంలో మెరుపు ప్లాస్మాయే. మీ తరగతి గదిలో వెలిగే ట్యూబ్‌లైటు లోపల ఉన్నదీ ప్లాస్మాయే. 1879లో విలియం క్రూక్స్ ఈ స్థితిని గురించి మాట్లాడాడు. 1928లో ఇర్వింగ్ లాంగ్‌ముయిర్ దీనికి ప్లాస్మా అని పేరు పెట్టాడు. రక్తంలోని ప్లాస్మాకూ దీనికీ పేరు తప్ప వేరే పోలిక లేదు.

ఈ ప్లాస్మాతో బొమ్మలు చూపించిన యంత్రమే ప్లాస్మా టెలివిజన్. 2000 దశకంలో ఇంటికి గొప్ప హోదాగా కనిపించిన ఈ టి.వి., 2014 తరువాత పెద్ద సంస్థల తయారీ జాబితాల నుంచి తొలగిపోయింది. బొమ్మ నాణ్యతలో ముందున్న సాధనం బజారులో ఎందుకు నిలవలేకపోయింది? ఒక సాంకేతిక విద్య మంచిదో కాదో తేల్చడానికి ఏయే విషయాలను తూకంలో వేయాలి? ఈ పాఠంలో ఆ రెండు ప్రశ్నలనూ పరిశీలిద్దాం.

హజీరాలో మూడు ప్లాస్మాలు

గుజరాత్‌లో సూరత్ నగరానికి సమీపంలో, తాపీ నది అరేబియా సముద్రంలో కలిసే చోటు పక్కన హజీరా ఉంది. సముద్రం నుంచి వచ్చే సహజవాయువు, ఎరువుల కర్మాగారం, ఉక్కు కర్మాగారం, రేవు, భారీ యంత్రాల తయారీ శాలలు అన్నీ ఒకేచోట ఉన్న పారిశ్రామిక ప్రాంతమిది. ప్లాస్మాలో ఎన్ని రకాలున్నాయో తెలుసుకోవడానికి ఈ ఊరు మంచి ఉదాహరణ.

మొదటిది ఉక్కు కర్మాగారంలో కనిపిస్తుంది. ఒకప్పుడు ఎస్సార్ స్టీల్ పేరుతో ఉన్న హజీరా కర్మాగారం 2019 డిసెంబరులో ఆర్సెలర్ మిత్తల్, నిప్పన్ స్టీల్ సంస్థల చేతికి వచ్చింది. అక్కడ ఇనుమును కరిగించడానికి విద్యుత్ ఆర్క్ కొలిమిని వాడతారు. గ్రాఫైట్ ఎలక్ట్రోడ్‌కూ లోహానికీ మధ్య మండే ఆ ఆర్క్ ప్లాస్మాయే. దాని ఉష్ణోగ్రత వేల డిగ్రీలు. అందుకే ఇనుము నీళ్లలా కరుగుతుంది.

రెండో ప్లాస్మా హజీరాలో లేదు గాని, దానికి కావలసిన ఇల్లు హజీరాలో తయారైంది. ఫ్రాన్స్‌లో అనేక దేశాలు కలిసి ఐటర్ అనే కేంద్రక సంలీన యంత్రాన్ని నిర్మిస్తున్నాయి. అందులో హైడ్రోజన్ ఐసోటోపుల ప్లాస్మాను 15 కోట్ల డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేయడం లక్ష్యం. ఆ ప్లాస్మాను పట్టి ఉంచే అయస్కాంతాలను మాత్రం మైనస్ 269 డిగ్రీల చలిలో ఉంచాలి. అందుకోసం యంత్రం మొత్తాన్ని థర్మాస్ ఫ్లాస్కు వంటి ఒక శూన్య పాత్రలో పెడతారు. దాని పేరు క్రయోస్టాట్. సుమారు 3,850 టన్నుల బరువు, దాదాపు 30 మీటర్ల వ్యాసం ఉన్న ఈ పాత్ర మన దేశం వాటా. దాని భాగాలను ఎల్ అండ్ టి సంస్థ హజీరాలోని తన శాలలో తయారుచేసి ఓడల మీద పంపింది. చివరి భాగాలు 2020లో బయలుదేరాయి. ఈ పనిని మన వైపు నుంచి నడిపించినది గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థకు చెందిన ఐటర్-ఇండియా విభాగం.

మూడో ప్లాస్మా సూరత్, హజీరా ఇళ్లలోకీ, మన ఇళ్లలోకీ వచ్చిన టి.వి.లోది. దీని సంగతి వేరు. ఆర్క్ కొలిమిలో ఎలక్ట్రాన్లతో పాటు అయాన్లు, పరమాణువులు అన్నీ వేడెక్కుతాయి. టి.వి. గదిలో తేలికైన ఎలక్ట్రాన్లకే శక్తి ఎక్కువ. వాటి శక్తిని ఉష్ణోగ్రత లెక్కలో చెబితే పదివేల డిగ్రీలు దాటుతుంది. బరువైన అయాన్లు, పరమాణువులు దాదాపు చుట్టూ ఉన్న గాజు వేడిలోనే ఉంటాయి. ఎలక్ట్రాన్ల బరువు అతి తక్కువ కాబట్టి గాజు కరగదు. దీన్ని చల్లని ప్లాస్మా అంటారు. ఉక్కును కరిగించేదీ, బొమ్మను చూపించేదీ ఒకే స్థితి. తేడా అంతా శక్తి ఎవరి చేతిలో ఉందన్నదే.

లోపల ఏం జరుగుతుంది?

సూరత్‌లో నేతపనిని నమ్ముకుని స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు కూడా నడుపుతోంది. మగ్గం చూసిన పిల్లలకు ప్లాస్మా తెరను వివరించడం సులువు. బట్టలో పడుగు దారాలు నిలువుగా, పేక దారాలు అడ్డంగా ఉంటాయి. ప్లాస్మా తెరలో కూడా నిలువుగా కొన్ని, అడ్డంగా కొన్ని సన్నని ఎలక్ట్రోడులుంటాయి. పడుగూ పేకా కలిసే ప్రతిచోటా ఒక చిన్న గది ఉంటుంది. ఏ గది వెలగాలో నిర్ణయించడానికి ఆ గదికి చెందిన నిలువు తీగకూ అడ్డ తీగకూ ఒకేసారి వోల్టేజి ఇస్తే చాలు.

ఈ గదులు రెండు గాజు పలకల మధ్య ఉంటాయి. పలకల మధ్య ఎడం సుమారు 0.1 మిల్లీమీటరు. గదుల్లో నియాన్, జీనాన్ అనే జడవాయువుల మిశ్రమాన్ని నింపుతారు. ఈ రెండు వాయువులూ మనం పీల్చే గాలిలోనివే. గాలిని అతిగా చల్లబరచి ద్రవంగా మార్చి, ఆక్సిజన్, నైట్రోజన్‌లను వేరుచేసే పెద్ద ప్లాంట్లలో వీటిని కూడా రాబట్టవచ్చు. అయితే గాలిలో జీనాన్ పదికోట్ల భాగాల్లో తొమ్మిది భాగాలు మాత్రమే. అందుకే అది ఖరీదైన వాయువు.

ఇప్పుడు వరుసగా చూద్దాం. ఎలక్ట్రోడుల మధ్య వందకు పైగా వోల్టుల వోల్టేజి పెట్టగానే గదిలో ప్లాస్మా ఏర్పడుతుంది. పరుగెత్తే ఎలక్ట్రాన్లు జీనాన్ పరమాణువులను ఢీకొని వాటికి శక్తినిస్తాయి. ఆ శక్తిని జీనాన్ అతినీలలోహిత కిరణాలుగా విడిచిపెడుతుంది. వీటిలో ముఖ్యమైనవాటి తరంగదైర్ఘ్యాలు 147, 173 నానోమీటర్లు. ఈ కిరణాలు కంటికి కనిపించవు. గది గోడలకు పూసిన ఫాస్ఫర్ పొడి వాటిని పీల్చుకుని కంటికి కనిపించే వెలుగును ఇస్తుంది. ఒక గదిలో ఎరుపు ఫాస్ఫర్, పక్క గదిలో ఆకుపచ్చ, ఆ పక్క గదిలో నీలం. ఈ మూడు గదులు కలిసి ఒక పిక్సెల్. అంటే ప్లాస్మా తెర లక్షలాది అతిచిన్న ట్యూబ్‌లైట్ల పేర్పు అన్నమాట. 1920 నిలువు వరుసలు, 1080 అడ్డ వరుసలు ఉన్న తెరలో 1920 × 1080 × 3 = 62,20,800 గదులుంటాయి.

మరి ఒక గది తక్కువగా వెలగాలంటే? ప్లాస్మా గది వెలిగితే వెలుగుతుంది, లేకపోతే ఆరుతుంది. సగం వెలగడం దానికి కుదరదు. ఇంజనీర్లు దీనికి కాలాన్ని సాయం తెచ్చుకున్నారు. ఒక బొమ్మ కనిపించే కాలాన్ని ఎనిమిది భాగాలుగా చేసి, వాటికి 1, 2, 4, 8, 16, 32, 64, 128 అనే నిష్పత్తిలో వెలుగు కేటాయించారనుకోండి. 100వ స్థాయి వెలుగు కావాలంటే 64, 32, 4 భాగాల్లో గది వెలిగి, మిగతా భాగాల్లో ఆరిపోతుంది. ఇలా 0 నుంచి 255 వరకు 256 స్థాయిలు వస్తాయి. మూడు రంగులకూ కలిపి 256 × 256 × 256 = 1,67,77,216 రంగులు. మీ గణితంలోని ద్విసంఖ్యామానం ఇక్కడ కంటికి వెలుగుగా కనిపిస్తోంది. తయారీదారులు తరువాత ఈ భాగాల సంఖ్యను పెంచి బొమ్మను ఇంకా మెరుగుపరిచారు.

పాఠం చెప్పడానికే పుట్టిన తెర

ప్లాస్మా తెర వినోదం కోసం పుట్టలేదు. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ప్లేటో అనే కంప్యూటర్ విద్యా పథకం నడిచేది. విద్యార్థి ముందు బొమ్మ నిలిపి ఉంచాలంటే ఆ రోజుల్లో ఖరీదైన జ్ఞాపకశక్తి గల యంత్రం కావాలి. దానికి బదులు బొమ్మను తానే గుర్తుపెట్టుకునే తెర ఉంటే బాగుండునని డోనాల్డ్ బిట్జర్, జీన్ స్లాటో, వారి విద్యార్థి రాబర్ట్ విల్సన్ ఆలోచించారు. 1964లో వారు ప్లాస్మా తెరను కనిపెట్టారు. ఒకసారి వెలిగిన గది గోడల మీద విద్యుదావేశం కొంత నిలిచిపోతుంది. ఆ ఆవేశం సాయంతో తక్కువ వోల్టేజితోనే గది మళ్లీ మళ్లీ వెలుగుతుంది. తెర జ్ఞాపకశక్తి రహస్యం ఇదే. తొలి తెరలు నియాన్ వెలుగుతో నారింజ రంగులో మాత్రమే కనిపించేవి. ఈ ఆవిష్కరణకు 2002లో ఆ విశ్వవిద్యాలయానికి సాంకేతిక విభాగంలో ఎమ్మీ పురస్కారం లభించింది.

రంగుల ప్లాస్మా తెరకు దారి వేసిన సంస్థల్లో జపాన్‌కు చెందిన ఫుజిట్సు ముఖ్యమైనది. అది 1992లో 21 అంగుళాల రంగుల తెరను తెచ్చింది. 1997 నాటికి 42 అంగుళాల టి.వి.లు బజారులోకి వచ్చాయి. ఆ ఏడాది అమెరికాలో ఫిలిప్స్ 42 అంగుళాల టి.వి. ధర సుమారు 15,000 డాలర్లు. అప్పటి మారకం లెక్కలో ఇది 5 లక్షల రూపాయలకు పైమాటే. 2008లో పానాసోనిక్ 150 అంగుళాల తెరను ప్రదర్శించింది.

లాభాలు

ప్లాస్మా లాభాలు అర్థం కావాలంటే దాని పక్కన పాత పిక్చర్ ట్యూబును, ఎల్.సి.డి.ని నిలబెట్టి చూడాలి.

మొదటి లాభం పరిమాణం. పిక్చర్ ట్యూబులో ఎలక్ట్రాన్ పుంజం వెనక నుంచి తెర మూలమూలలకూ చేరాలి. తెర పెరిగితే లోతు పెరగాలి, లోపల శూన్యం కాబట్టి గాజు మందం కూడా పెరగాలి. 40 అంగుళాల పిక్చర్ ట్యూబు టి.వి. బరువు వంద కిలోలు దాటేది. ప్లాస్మాలో ప్రతి గదీ తన వెలుగును తానే ఇచ్చుకుంటుంది కాబట్టి తెర ఎంత పెద్దదైనా మందం కొన్ని అంగుళాలే.

రెండోది నలుపు. ఎల్.సి.డి.లో వెనక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ముందున్న ద్రవ స్ఫటికాలు తలుపుల్లా మూసుకుని ఆ వెలుగును ఆపాలి. తలుపు ఎంత బిగించినా సందుల్లోంచి కొంత వెలుగు కారుతుంది. అందువల్ల చీకటి రాత్రి దృశ్యం బూడిదరంగుగా కనిపిస్తుంది. ప్లాస్మాలో నల్లగా ఉండాల్సిన గది దాదాపు ఆరిపోతుంది. నలుపు నల్లగా ఉంటేనే మిగిలిన రంగులు నిండుగా కనిపిస్తాయి.

మూడోది చూసే కోణం. ఫాస్ఫర్ వెలుగు అన్ని వైపులకూ సమానంగా వెదజల్లబడుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చుంటే మధ్యలో ఉన్న తాతగారికీ, పక్కన చాప మీద ఉన్న పిల్లలకూ ఒకే రంగులు కనిపిస్తాయి. ఆనాటి చాలా ఎల్.సి.డి.లలో పక్కకు జరిగితే రంగులు వెలిసిపోయేవి.

నాలుగోది కదలిక. ద్రవ స్ఫటికాలు తిరగడానికి కొంత సమయం పడుతుంది. పైగా ఎల్.సి.డి. ఒక బొమ్మను తరువాతి బొమ్మ వచ్చేదాకా కదలకుండా పట్టి ఉంచుతుంది. వేగంగా దూసుకుపోయే క్రికెట్ బంతి అందువల్ల తోక ఉన్నట్టుగా కనిపిస్తుంది. ప్లాస్మా గది క్షణంలో వెలిగి క్షణంలో ఆరుతుంది. బంతి బంతిలాగే కనిపిస్తుంది.

ఐదో లాభాన్ని చాలామంది గమనించలేదు. ఆనాటి ఎల్.సి.డి.లలో వెనక దీపాలుగా పాదరసం ఉన్న సన్నని గొట్టాలు వాడేవారు. ప్లాస్మా తెరలో పాదరసం లేదు.

నష్టాలు

మొదటి నష్టం విద్యుత్తు. దీని మూలం భౌతికశాస్త్రంలోనే ఉంది. ఒక కాంతి కణం శక్తిని ఎలక్ట్రాన్ వోల్టులలో తెలుసుకోవాలంటే 1240ని నానోమీటర్లలోని తరంగదైర్ఘ్యంతో భాగిస్తే చాలు. జీనాన్ ఇచ్చే 147 నానోమీటర్ల కిరణం శక్తి 1240 ÷ 147, అంటే సుమారు 8.4. ఫాస్ఫర్ ఇచ్చే 550 నానోమీటర్ల ఆకుపచ్చ వెలుగు శక్తి సుమారు 2.25. ఒక అతినీలలోహిత కణానికి ఒక వెలుగు కణం వచ్చినా, శక్తిలో దాదాపు నాలుగింట మూడు వంతులు వేడిగా పోతుంది. ట్యూబ్‌లైటులో పాదరసం ఇచ్చే కిరణం 254 నానోమీటర్లది. దాని శక్తి సుమారు 4.9. అక్కడ పోయేది సగానికి కాస్త ఎక్కువ మాత్రమే. దీనికి తోడు ప్లాస్మా గది మరీ చిన్నది కావడంతో అయాన్లు గోడలకు తగిలి ఇంకా శక్తిని పోగొడతాయి. ట్యూబ్‌లైటు సూత్రమే అయినా ట్యూబ్‌లైటు పొదుపు దీనికి రాకపోవడానికి కారణాలు ఇవే.

రెండోది అచ్చు పడటం. వాడేకొద్దీ ఫాస్ఫర్ వెలుగు తగ్గుతుంది. తెరంతా సమానంగా తగ్గితే కంటికి తెలియదు. కాని ఛానల్ గుర్తు, వార్తల కింద పరిగెత్తే పట్టీ, కంప్యూటరు తెర మూలల్లోని బొమ్మలు రోజూ ఒకేచోట ఉంటాయి. అక్కడి గదులు పక్క గదుల కంటే ఎక్కువగా అరుగుతాయి. ఛానల్ మార్చినా పాత గుర్తు నీడలా మిగిలిపోతుంది. తయారీదారులు తెరకు 60,000 గంటలనీ, తరువాత లక్ష గంటలనీ ఆయువు ప్రకటించారు. రోజుకు ఆరు గంటల చొప్పున 60,000 గంటలంటే 27 ఏళ్లు. అయితే అది వెలుగు సగానికి తగ్గే కాలం. అచ్చు పడటానికి అంత కాలం అక్కరలేదు.

మూడోది పగటి వెలుగు. ఎక్కువ గదులు ఒకేసారి వెలిగితే విద్యుత్తు హద్దు దాటకుండా యంత్రం తెర మొత్తం వెలుగును తగ్గిస్తుంది. ముందున్న గాజు అద్దంలా మెరుస్తుంది. ఎండ పడే గదిలో బొమ్మ కంటే కిటికీయే బాగా కనిపిస్తుంది.

నాలుగోది బరువు, వేడి. 42 అంగుళాల ప్లాస్మా టి.వి. సుమారు 30 కిలోలుండేది. గోడకు తగిలించాలంటే గోడ గట్టిదై ఉండాలి, వెనక గాలి ఆడాలి.

ఐదోది ఎత్తు ప్రదేశాల సమస్య. గదుల్లోని వాయు పీడనం బయటి వాతావరణ పీడనంలో సుమారు మూడింట రెండు వంతులు. సముద్రమట్టం దగ్గర బయటి గాలి రెండు పలకలనూ గట్టిగా అదిమి పట్టి ఉంచుతుంది. లేహ్ వంటి 3,500 మీటర్ల ఎత్తున్న చోట బయటి పీడనం కూడా దాదాపు మూడింట రెండు వంతులకు దిగుతుంది. పట్టు సడలి తెర జుమ్మని రొద చేస్తుంది. హజీరాకు గాని, 900 మీటర్ల ఎత్తున్న అరకులోయకు గాని ఈ చిక్కు లేదు. హజీరా వంటి తీరప్రాంతానికి చిక్కు వేరే ఉంది. ఉప్పు తేమ ఏ ఎలక్ట్రానిక్ పరికరం సర్క్యూట్లకైనా శత్రువు.

ఆరోది చిన్న తెరలు సాధ్యం కాకపోవడం. 42 అంగుళాల తెర వెడల్పు సుమారు 93 సెంటీమీటర్లు. అందులో 1920 పిక్సెళ్లు అమర్చితే ఒక్కో రంగు గది వెడల్పు 0.16 మిల్లీమీటరు. పిక్సెళ్లను రెట్టింపు చేస్తే 0.08 మిల్లీమీటరుకు దిగాలి. గది చిన్నదయ్యేకొద్దీ గోడలకే చోటు పోతుంది, శక్తి నష్టం పెరుగుతుంది.

బజారు తీర్పు

ఆరో నష్టమే చివరికి ప్లాస్మాను ముంచింది. ఎల్.సి.డి. పరిశ్రమ అదే విద్యతో సెల్‌ఫోన్ తెర, ల్యాప్‌టాప్ తెర, కంప్యూటరు మానిటరు, టి.వి. అన్నీ తయారుచేసింది. కర్మాగారాలు పెరిగాయి, ధరలు తగ్గాయి. వెనక దీపాలుగా ఎల్.ఇ.డి.లు రావడంతో విద్యుత్తు ఖర్చు, మందం, బరువు ఇంకా తగ్గాయి. దుకాణంలో దీపాల వెలుగు మధ్య వరుసగా పెట్టినప్పుడు కొనేవారి కన్ను ఎక్కువ కాంతివంతమైన ఎల్.సి.డి. వైపే పోయేది. ప్లాస్మా నలుపు అందం చీకటి గదిలోనే తెలుస్తుంది. దుకాణంలో చీకటి ఉండదు కదా!

నల్లటి నలుపుకు పేరుపడ్డ పయనీర్ 2009లో టి.వి. రంగం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. పానాసోనిక్ 2013 చివర్లో ప్లాస్మా పలకల తయారీ ఆపేసింది. శాంసంగ్, ఎల్.జి. 2014లో అదే దారి పట్టాయి.

అయితే ప్లాస్మా నేర్పిన పాఠం వృథా కాలేదు. ప్రతి పిక్సెల్ తానే వెలగాలి, తానే ఆరాలి అన్న సూత్రాన్ని తరువాత ఓ.ఎల్.ఇ.డి. తెరలు అందుకున్నాయి. వాటిలో నలుపు అద్భుతం, కోణం విశాలం. కదలని బొమ్మ అచ్చు పడే భయం కూడా వాటికి వారసత్వంగా వచ్చింది. తానే వెలిగేది తానే అరుగుతుంది. దీపానికైనా తెరకైనా ఇది తప్పదు.

ఉచితంగా వస్తే తీసుకోవచ్చా?

కొత్త ప్లాస్మా టి.వి. ఇప్పుడు దొరకదు. కాని పాతవి ఇంకా ఇళ్లలో, కార్యాలయాల్లో ఉన్నాయి. ఎవరైనా పనిచేసే పాత ప్లాస్మా టి.వి.ని మీ పాఠశాలకు ఉచితంగా ఇస్తామన్నారనుకోండి. తీసుకోవాలా? లెక్క వేద్దాం.

ప్లాస్మా టి.వి. 300 వాట్లు, అదే పరిమాణం ఉన్న ఎల్.ఇ.డి. టి.వి. 80 వాట్లు తీసుకుంటాయనుకుందాం. తేడా 220 వాట్లు. పాఠశాలలో రోజుకు 4 గంటలు, ఏడాదికి 220 రోజులు నడిపితే 880 గంటలు. అదనపు ఖర్చు 193.6 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలైతే ఏడాదికి సుమారు 1,355 రూపాయలు. అదే టి.వి. ఒక ఇంట్లో రోజుకు 6 గంటలు, 365 రోజులూ నడిస్తే అదనంగా 481.8 యూనిట్లు, అంటే సుమారు 3,373 రూపాయలు. ఉచితంగా వచ్చిన వస్తువు ఇంట్లో ఏటా ఇంత అద్దె వసూలు చేస్తుంది. మీ టి.వి. వెనక రాసి ఉన్న వాట్లు, మీ ఊరి కరెంటు ధర పెట్టి ఈ లెక్కను మీరే వేసుకోండి.

డబ్బు ఒక్కటే చూస్తే పాఠశాల ఆ ఖర్చు భరించగలదేమో. మిగిలిన విషయాలు చూడాలి. తరగతి గదికి కిటికీలుంటాయి, పగటి వెలుగు ఉంటుంది. ఉపాధ్యాయుడు ఒక పటాన్ని అరగంట సేపు కదలకుండా చూపిస్తాడు. ఈ రెండూ ప్లాస్మాకు సరిపడని పనులే. విడిభాగాలు దొరకడం కష్టం. పాత టి.వి.కి నేటి ప్రసారాలు అందాలంటే సెట్‌టాప్ బాక్సు కావాలి. దూరదర్శన్ తన భూతల అనలాగ్ ప్రసారాలను 2022 నాటికి దాదాపుగా ముగించింది. కాబట్టి పటాలు, పాఠాలు చూపే తరగతి గదికి దీన్ని తీసుకోకపోవడమే మేలు. అదే టి.వి.ని తెరలు దించిన హాలులో వారానికి ఒకసారి సినిమా చూపడానికి వాడితే దాని గుణాలన్నీ పనికొస్తాయి. అప్పుడు గంటలు తక్కువ, కరెంటు ఖర్చూ తక్కువ. బాగున్న వస్తువును చెత్తలో కలపకుండా ఆపినట్టు కూడా అవుతుంది.

పాడైపోతే మాత్రం విప్పవద్దు. స్విచ్ ఆపినా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉండవచ్చు. తొలితరం పలకల్లో సీసం కలిసిన గాజు పొర ఉంటుంది. తూకానికి అమ్మితే రాగి కోసం తీగలు కాల్చి, మిగిలినది మట్టిలో పారేస్తారు. ఆ సీసం నీళ్లలోకి చేరితే నష్టపోయేది ఆ పరిసరాల్లోని పిల్లలే. ఎలక్ట్రానిక్ వ్యర్థాల గురించి మన దేశంలో తొలి నిబంధనలు 2012 మే 1 నుంచి, కొత్త నిబంధనలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. టి.వి.లు వాటి పరిధిలోకి వస్తాయి. వాటిని నమోదైన రీసైక్లింగ్ సంస్థలకే చేర్చాలి.

చివరగా

ఒక వస్తువు మంచిదా అని అడిగితే జవాబు సగమే వస్తుంది. ఎవరికి, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏ పనికి అని కూడా అడిగితే జవాబు పూర్తవుతుంది. చీకటి గదిలో సినిమా చూసేవారికి ప్లాస్మా తన కాలంలో ఉత్తమమైన తెర. ఎండ పడే ముందు గదిలో రోజంతా వార్తలు నడిపే ఇంటికి అదే తెర తగనిది. రేపు మీ ముందుకు వచ్చే కొత్త తెరనైనా, కొత్త బండినైనా ఇలాగే తూచండి. ప్రకటనలో కనిపించే గుణం ఒక పళ్లెంలో పెడితే, కరెంటు బిల్లు, మరమ్మతు, ఆయువు, చివరికి అది చేరే చోటు రెండో పళ్లెంలో పెట్టాలి.

ఆలోచించండి

1. 200వ స్థాయి వెలుగు రావాలంటే ఎనిమిది భాగాల్లో ఏయే భాగాలు వెలగాలి?
2. జీనాన్ ఇచ్చే 173 నానోమీటర్ల కిరణం నుంచి 550 నానోమీటర్ల వెలుగు వస్తే శక్తిలో ఎంత శాతం మిగులుతుంది? 147 నానోమీటర్ల కిరణంతో పోల్చి చెప్పండి.
3. విద్యుత్ ఆర్క్ కొలిమిలోని ప్లాస్మాకూ టి.వి.లోని ప్లాస్మాకూ తేడాలు రాయండి.
4. మీ ఇంట్లోని టి.వి. వాట్లు, అది నడిచే గంటలు తెలుసుకుని ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయో లెక్కకట్టండి.